రుషికొండ దగ్గర సెయిలింగ్ క్లాసు: బోటులో నిలబడొచ్చా లేదా అన్న గొడవతో సహా నా రివ్యూ

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం అసలు మాట ముందే చెప్పేస్తున్నాను. చిన్న సెయిల్ బోట్ల రేసులో నిలబడొచ్చు. నిలబడటమే తప్పని రేసింగ్ రూల్స్‌లో ఎక్కడా లేదు. ఈ ఒక్క ముక్క అక్కడున్న అందరికీ సరిగ్గా తెలిసుంటే మా మేనల్లుడు ఆ ఆదివారం కళ్లు తుడుచుకుంటూ ఇంటికి వచ్చేవాడు కాదు.

నేను రాస్తున్నది రుషికొండ దాటాక భీమిలి వెళ్లే రోడ్డులో, బీచ్ వైపున్న ఒక సెయిలింగ్ ట్రైనింగ్ సెంటర్ గురించి. పేరు రాయడం లేదు. అక్కడ జరిగిన ఒక తప్పు గురించి గట్టిగానే రాయాలి, ఆ తప్పును వాళ్లు తర్వాత చాలావరకు దిద్దుకున్నారు కూడా, కాబట్టి పేరు పెట్టి బజారుకీడ్చడం నాకు ఇష్టం లేదు. పైగా ఇదే అయోమయం వేరే చోటా ఉంటుంది, మీరు పిల్లల్ని ఎక్కడ చేర్పించినా అడగాల్సిన ప్రశ్న ఇదే.

శని, ఆదివారాలు పొద్దున్న ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, ఆరు వారాలు, మొత్తం పన్నెండు క్లాసులు. పిల్లలకి తొమ్మిది వేలు, పెద్దవాళ్లకి పదకొండు వేలు. నేను ఎంవీపీ కాలనీలో ఉంటాను, బ్యాంకు ఉద్యోగం. మా అక్క కొడుకు పన్నెండేళ్లవాడు, వాణ్ణి చేర్పిద్దామని వెళ్లి నేనూ చేరిపోయాను. విశాఖలో పుట్టి పెరిగి, రోజూ సముద్రం చూస్తూ బతికి, మోకాళ్ల లోతు దాటి లోపలికి వెళ్లనివాళ్లే మనలో ఎక్కువ. నేనూ అంతే. నలభై దగ్గర పడుతుంటే ఇక ఆగాలనిపించలేదు.

పిల్లలకి ఆప్టిమిస్ట్ బోట్లు. రెండు మీటర్ల పైచిలుకు పొడుగు, ముప్పై అయిదు కిలోల బరువు, ముక్కు చెక్కేసినట్టు చదునుగా ఉంటుంది. పదిహేనేళ్ల దాకా వయసున్న పిల్లల కోసమే ఈ రకం బోటు. పెద్దవాళ్లకి ఇల్కా, పాతవాళ్లు ఇప్పటికీ లేజర్ అనే అంటారు, నాలుగు మీటర్ల పైచిలుకు పొడుగు, ఉత్త బోటే 59 కిలోలు. బోటు ఒకటే, సెయిల్ సైజుని బట్టి ఇల్కా 4, 6, 7 అని మూడు రకాలు. టోక్యో ఒలింపిక్స్‌లో నేత్రా కుమనన్ నడిపిన లేజర్ రేడియలే ఇప్పటి ఇల్కా 6. ఇక్కడ ఆ సైజువి నాలుగున్నాయి, అందులో ఒకదాని సెయిల్ బాగా అలిసిపోయింది, బట్ట మెత్తబడి ముడతలు పడుతోంది. అది మీ వంతుకొస్తే వేరేది అడగండి, మొహమాటపడకండి. లైఫ్ జాకెట్లు మాత్రం కొత్తవి. బొమ్మలా తగిలించి పంపించకుండా, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి, గడ్డం దాకా జారుతోందా లేదా అని ఒక్కొక్కరికీ చూస్తారు. నాకు బాగా నచ్చిన పని ఇది.

కోచ్ గారు నేవీలో చేసి రిటైరైన మనిషి. గొంతు పెద్దది, ఓపిక అంతకంటే పెద్దది. గాలి ఎటు నుంచి వస్తోందో చూపు లేకుండా చెప్పించడానికి మొదటి రోజు మమ్మల్ని ఇసుకలో వరసగా నిలబెట్టి కళ్లు మూయించారు. చెంప మీద, చెవి వెనకాల గాలి ఎక్కడ తగులుతోందో వేలు పెట్టి చూపించాలి. మా వాడు ఆ రోజు నుంచి బస్టాపులో కూడా అదే పని.

ఇక అసలు గొడవకి వస్తాను.

మొదటి క్లాసులో చెప్పిన మాట: "బోటులో ఎవరూ లేచి నిలబడకూడదు." కొత్తవాళ్లకి ఇది చాలా సరైన మాట. నా బరువు 78 కిలోలు, బోటు బరువు 59. మా వాడు 34 కిలోలు, వాడి బోటు దాదాపు అంతే. అంటే బరువంతా మన ఒంట్లోనే ఉంది. ఆ ఒళ్లు కింద కూర్చున్నంతసేపు బోటు మన మాట వింటుంది, లేచామంటే బరువు పైకి పోయి చిన్న అలకే పక్కకి వాలిపోతుంది. దానికి తోడు తలకి తగిలే ఎత్తులో బూమ్, అంటే సెయిల్ అడుగు అంచుని పట్టి ఉంచే అడ్డకర్ర ఉంటుంది. జైబ్ చేసేటప్పుడు, అంటే గాలి వెనక నుంచి వస్తుండగా బోటుని మళ్లించేటప్పుడు, అది ఒక పక్క నుంచి రెండో పక్కకి తలుపు విసురుగా కొట్టుకున్నట్టు వచ్చేస్తుంది. కాబట్టి నీళ్లలో మొదటి నెల రోజులు కూర్చోమంటే కూర్చోవాల్సిందే, నాకు అందులో ఏ అభ్యంతరమూ లేదు.

అయితే ఇది భద్రత కోసం క్లాసులో పెట్టుకున్న మాట. రేసు రూలు కాదు. ఈ రెండింటికీ తేడా ఉందని ఎవరూ చెప్పలేదు. అయిదో వారం ఆదివారం పిల్లలకి చిన్న రేసు పెట్టారు, మూడు మార్కులు, అంటే నీళ్ల మీద తేలే గుర్తులు, చుట్టి రావాలి. అవతల, ఒడ్డుకి దగ్గరగా, రెండు వలపడవలు అడ్డం ఉన్నాయి, నారింజ రంగు మార్కు వాటి వెనకాల పడి కనపడటం లేదు. మా వాడు మూడో స్థానంలో ఉన్నాడు. గాలి తక్కువే. ఒక్కసారి లేచాడు, మెడ సాచి చూశాడు, కూర్చున్నాడు. అంతే. రెస్క్యూ బోటులో ఉన్న వాలంటీరు విజిల్ వేసి, పసుపు జెండా చూపించి, వాడి నంబరు పిలిచి, రెండు చుట్లు తిరగమన్నాడు. వాడు తిరిగాడు. రెండు టాక్‌లు, అంటే ముక్కు గాలికి ఎదురుగా తిప్పి మళ్లడం, రెండు జైబ్‌లు, ఒకే వైపుకి. తిరిగేసరికి ఏడో స్థానానికి పోయాడు.

ఒడ్డుకి వచ్చాక బోటు లాగుతూ నాతో అన్న మాట ఒకటే. "మావయ్యా, నేను ఊపలేదు. మార్కు కనపడక లేచానంతే."

నేను వెళ్లి ఆ వాలంటీరుని అడిగాను. కుర్రాడు మంచివాడే, మర్యాదగానే మాట్లాడాడు, "సార్, నిలబడితే రూల్ 42 కదండీ" అన్నాడు. ఆ రాత్రి ఫోన్‌లో రూల్స్ పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఈ ఆటకి అంతర్జాతీయ సంస్థ అయిన వరల్డ్ సెయిలింగ్ వాళ్ల రూల్స్ నాలుగేళ్లకోసారి మారతాయి, ఇప్పుడు నడుస్తున్నవి 2025 నుంచి 2028 దాకా. రూల్ 42 గురించి నాకు అర్థమైనంత మటుకు తెలుగులో చెబుతాను, ఎందుకంటే తెలుగులో ఇది ఎవరూ రాయగా నేను చూడలేదు.

రూల్ 42 చెప్పేది బోటు దేంతో నడవాలన్నది. గాలితో, నీటితో మాత్రమే నడవాలి. సెయిల్‌ని, బోటుని సరిచేసుకోవడానికి ఒళ్లు కదిలించొచ్చు, బోటుని ముందుకు తోయడానికి ఒళ్లు వాడకూడదు. తర్వాత చేయకూడని పనులు పేరు పేరునా చెప్తుంది. సెయిల్‌ని విసనకర్రలా మాటిమాటికీ లాగి వదలడం, దాన్ని పంపింగ్ అంటారు. బోటుని పదేపదే అటూ ఇటూ ఊపడం రాకింగ్. ఒళ్లు ముందుకి విసిరి టక్కున ఆపడం ఊచింగ్. చుక్కానిని తోకలా గట్టిగా ఆడిస్తూ ముందుకు పోవడం స్కల్లింగ్. గాలి మారకపోయినా, ఎత్తుగడ ఏమీ లేకపోయినా ఊరికే మళ్లీ మళ్లీ టాక్‌లు, జైబ్‌లు చేయడం. ఇవీ వద్దన్నవి. ఇందులో నిలబడటం ఎక్కడుంది? లేదు. లేచి, కూర్చుని, మళ్లీ లేచి, మళ్లీ కూర్చుని బోటు ఊగేలా చేస్తే అది రాకింగ్ అవుతుంది. అప్పుడు కూడా తప్పు ఊపడానిది.

ఒళ్లు ఎక్కడ ఉండాలో చెప్పేది వేరే రూలు, 49. అది కూడా నిలబడొద్దని అనదు. ఒంటిని బోటు బయటికి వేలాడదీయడానికి పరికరాలు వాడకూడదు అంటుంది. పాదాలు ఇరికించుకునే హైకింగ్ స్ట్రాప్, తొడల కింద వేసుకునే గట్టి పట్టీలు తప్ప. మరి ఫార్టీనైనర్ (49er) అనే రేసు బోటులో ఇద్దరూ నడుముకి కట్టిన తీగకి వేలాడుతూ అంచు మీద నిలబడతారు కదా, టోక్యోలో మన గణపతి, వరుణ్ ఠక్కర్ అలాగే నడిపారు. అది ఆ రకం బోటుకి ఉన్న సొంత రూల్స్ ఇచ్చిన అనుమతి. విండ్‌సర్ఫింగ్‌లోనైతే మొత్తం నిలబడే పని, వాళ్లకి రూల్ 42నే వేరేగా రాశారు, ఒంటి బలంతో సెయిల్ ఆడించొచ్చు. హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో ఇబాద్ అలీ కంచు పతకం తెచ్చింది ఆ ఆటలోనే. అంటే సెయిలింగ్ అనే ఆటకి నిలబడటం అంటే పడదని ఏమీ లేదు.

ఇంకో సంగతి, ఇది పిల్లల తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాలి. రూల్స్ ప్రకారం రేసు మొదలయ్యేది హారన్ మోగి అందరూ గీత దాటినప్పుడు కాదు. మామూలు స్టార్టులో అయిదు నిమిషాల ముందు ఒక జెండా, నాలుగు నిమిషాల ముందు ఇంకోటి ఎత్తుతారు. ఆ నాలుగు నిమిషాల జెండా నుంచే రేసు లెక్క, రూల్ 42 అప్పటి నుంచే. అంతకు ముందు వార్మప్‌లో బోటుని ఎంత ఊపుకున్నా అడిగేవాళ్లు లేరు.

పెద్ద పోటీల్లో ఈ పసుపు జెండా మాట చిన్నది కాదు. మొదటిసారి రెండు చుట్లు. రెండోసారి ఎత్తితే ఆ రేసు వదిలేయాలి. మూడోసారికి శిక్ష ఇంకా గట్టిది. పైగా జెండా పడ్డాక వాదించి స్థానం వెనక్కి తెచ్చుకోవడం దాదాపు కుదరదు. అందుకే దాన్ని ఎత్తే చెయ్యి ఎవరిదైనా, దేనికి ఎత్తుతున్నామో తెలిసి ఎత్తాలి. పన్నెండేళ్ల పిల్లాడు మార్కు వెతుక్కుంటూ లేస్తే అది ఈ ఆటలో మంచి అలవాటు, దానికి శిక్ష వేస్తే రేపటి నుంచి వాడు తల ఎత్తడు. నా బాధంతా అదే. స్థానం పోయినందుకు కాదు.

శనివారం దాకా ఆగలేక మర్నాడే కోచ్ గారికి ఫోన్ చేశాను. ఆయన పూర్తిగా విన్నారు. "రిజల్ట్ మార్చలేనండి, కానీ మీరు చెప్పింది కరెక్టు, ఈ వారం క్లాసు దీనిమీదే పెడతాను" అన్నారు. రిజల్ట్ మార్చకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. అది ఊళ్లో పిల్లల రేసు, పతకాలు లేవు, కనీసం నోటీసు బోర్డు మీద ఒక ముక్క రాసినా వాడి మనసు కుదుటపడేది.

అయితే ఆ శనివారం క్లాసు మాత్రం మొత్తం ఆరు వారాల్లో ఉత్తమమైనది. ఆయనే ఇల్కా తీసుకుని రెస్క్యూ బోటు పక్కనే నడుపుతూ చూపించారు. పాదాలు రెండూ నడిమి గుంటలో ఎడంగా పెట్టారు. మోకాళ్లు కొద్దిగా వంచి, ఒక చేతిలో టిల్లర్‌కి, అంటే చుక్కాని తిప్పే పిడికి బిగించిన పొడుగు కర్ర, రెండో చేతిలో సెయిల్ తాడు. మెల్లగా లేచారు. బోటు కదల్లేదు. మూడు లెక్కపెట్టేంతసేపు ముందుకి చూశారు. నీటి మీద నల్లగా గరుగ్గా కనపడే మచ్చలు ఎటు కదులుతున్నాయో మాకు వేలెత్తి చూపించారు, అక్కడ గాలి ఉందన్నమాట, కూర్చుంటే అది సరిగ్గా కనపడదు. తర్వాత కూర్చున్నారు. నెత్తి మీది నిండు బిందె తొణక్కుండా దించినట్టు కూర్చున్నారు.

వెంటనే రెండో రకం చూపించారు. గబుక్కున లేచి దబ్బున కూర్చుని, మళ్లీ లేచి, మళ్లీ కూర్చుని. బోటు ఊగింది, సెయిల్ గాలిని వీచింది, గాలి లేని చోట కూడా బోటు రెండు మూడు బారలు ముందుకి జరిగింది. "ఇది దొంగతనం" అన్నారు. పిల్లలకి అర్థం కావడానికి ఇంకేమీ అక్కర్లేకపోయింది. ఒక్క వాలు పడినంత మాత్రాన, దాంతో బోటు స్పష్టంగా ముందుకి పోనంత వరకు తప్పు కాదని కూడా చెప్పారు, గాలి తెర తగిలి బోటు వాలినప్పుడు ఒంటితో సర్దుకోవడం అసలే తప్పు కాదు. జెండా ఎత్తిన కుర్రాడు అక్కడే ఉన్నాడు, అందరితోపాటు విన్నాడు, తర్వాత మా వాడి దగ్గరకొచ్చి చెయ్యి కలిపాడు.

రెస్క్యూ బోటు నడిపే పెద్దాయన జాలరిపేట మనిషి. ఈ గొడవంతా విని ఆయన ఆశ్చర్యపోయాడు. "నిలబడితే ఏటైపోద్ది బాబూ? తెప్ప మీద మేవంతా నిలబడే కదా తెడ్డేసీవోళ్లం. నిలబడకపోతే వచ్చీ అల ఎలా కనబడతాది?" అన్నాడు. నాలుగు దుంగలు తాడుతో కట్టిన తెప్ప మీద, ఈ రుషికొండ అలల్లోనే, పాదాల కింద నీళ్లు పొర్లుతుంటే నిలబడి వెళ్లినవాళ్ల మాట అది. ఈ సెంటర్ వాళ్లు ఆయన్ని డ్రైవరుగా మాత్రమే పెట్టుకున్నారు. పిల్లలకి ఆయన చేత ఒక్క పూట అలల గురించి చెప్పిస్తే బాగుండును, ఇది నా విన్నపంగా వాళ్లకి రాసి ఇచ్చాను కూడా.

ఎప్పుడెప్పుడు లేవాలో ఇప్పుడు నాకు కొంత తెలిసింది. స్టార్టుకి ముందు జెండాలు, గీత రెండు కొసలు చూసుకోవడానికి. మార్కు కనపడనప్పుడు. గాలి మందంగా ఉండి వెనక నుంచి వస్తున్నప్పుడు ముందేముందో చూసుకోవడానికి. చుక్కానికి ఏదైనా చుట్టుకున్నప్పుడు. నాకు ఒకసారి నీలం వల ముక్క చుట్టుకుంది, ఈ తీరంలో అది మామూలే, కూర్చుంటే చెయ్యి అందలేదు. గాలి గట్టిగా ఉన్నప్పుడు మాత్రం లేవాలన్న ఆలోచనే రాదు, పాదాలు స్ట్రాప్‌లో ఇరికించి, నడుము బయటికి వేసి, పొట్ట కండరాలు వణుకుతుంటే ఆ భంగిమలో ఉండటానికే శక్తంతా పోతుంది.

పూర్తిగా నిలబడి తీరాల్సిన చోటు ఒకటుంది. బోల్తా పడినప్పుడు. రెండో వారంలో నేను పడ్డాను. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి, ముక్కులోకి ఉప్పు ఎక్కింది, పైకి తేలేసరికి బోటు పక్కకి పడుకుని సెయిల్ నీళ్ల మీద పరుచుకుని ఉంది. అడుగు భాగంలోంచి డ్యాగర్‌బోర్డు పలకలా బయటికి పొడుచుకొచ్చింది. దాని మీదికి పాకి, బోటుకి దగ్గరగా పాదాలు పెట్టి, అంచు పట్టుకుని నిలబడి వెనక్కి వాలాలి. మొదట ఏమీ జరగలేదు. పలక పాదాల కింద కొద్దిగా వంగింది. తర్వాత సెయిల్ మీంచి నీళ్లు జారుతున్న చప్పుడు, మెల్లగా, ఆ తర్వాత ఒక్కసారిగా బోటు లేచి నా మీదికొచ్చింది. దాని వెనక రుషికొండ, కొండ మీద పొద్దుటి ఎండ. అంత దగ్గరగా నేను ఆ కొండని సముద్రం వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు.

మిగతావి గబగబా. బట్టలు మార్చుకునే గది ఒకటే ఉంది, ఆడవాళ్లకి వేరే గది కావాలి, మా అక్క ఈ విషయంలో చాలా నొచ్చుకుంది. మంచినీళ్ల కుళాయి ఉంది, స్నానానికి నీళ్లు సన్నగా వస్తాయి. పార్కింగ్ ఏడు లోపు వెళ్తే సమస్య లేదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్న గాలి నెమ్మది, కొత్తవాళ్లకి మంచిది. రేసు మీద ఆసక్తి ఉంటే మధ్యాహ్నం సముద్రం నుంచి గాలి లేచాక జరిగే బ్యాచ్ అడగండి. వర్షాకాలంలో ఒడ్డు దగ్గర అల విరిగే చోటే బోటు దించడం కష్టం, అప్పుడు క్లాసులు ఆపేస్తారు, అది సరైన పని. క్లాసయ్యాక బీచ్ రోడ్డు మీద మురీ మిక్చర్ తినకుండా ఇంటికి రావడం మా వాడికి కుదరదు.

నా మార్కు పదికి ఏడున్నర. కోచ్ గారికి విడిగా ఇవ్వమంటే తొమ్మిది ఇస్తాను. వాలంటీర్లకి రూల్ 42 మీద ఒక పూట కూర్చోబెట్టి చెప్పి, జెండా చేతికివ్వడం ఇప్పటినుంచి జరుగుతుందని మాటిచ్చారు. మా వాణ్ణి తర్వాతి బ్యాచ్‌లోనూ చేర్పించాను. చేరబోయేవాళ్లు అడగాల్సింది: మీ దగ్గర నిలబడొద్దన్నది క్లాసు వరకేనా, రేసులో కూడానా? "రేసులో నిలబడొచ్చు, ఊపకూడదు" అన్న జవాబు వస్తే డబ్బు కట్టండి. కళ్లజోడు ఉన్నవాళ్లు వెనక తాడు కట్టుకుని రండి.